మందం కొలిస్తే చాలదు: ఉపరితలం నుంచి పెరిగే పాలిమర్ గొలుసుల నిర్మాణం

సిలికాన్ పలక మీద పాలీమిథైల్ మెథాక్రిలేట్, అంటే పీఎంఎంఏ, 50 నానోమీటర్ల మందాన పెరిగిందనుకుందాం. కాంతి పరావర్తనాన్ని బట్టి మందం కొలిచే ఎలిప్సోమీటర్ ఈ అంకెను ఇట్టే చెప్పేస్తుంది. ఆ పొరలో ఎలాంటి గొలుసులు ఉన్నాయో మాత్రం చెప్పదు. చదరపు నానోమీటరుకు 0.7 గొలుసులు, ఒక్కో గొలుసు అణుభారం 50,000 అయితే పొడి పొర మందం 50 నానోమీటర్లు వస్తుంది. గొలుసుల సంఖ్య పదో వంతుకు పడిపోయి, ఒక్కోదాని అణుభారం 5,00,000కు పెరిగినా వచ్చేది అదే 50. పొడి మందం అంటే ఆ చోట మొత్తం ఎంత పదార్థం నిలిచిందన్న లెక్క మాత్రమే. అణుభారాన్ని గొలుసుల సాంద్రతతో గుణించి, పదార్థ సాంద్రతతోనూ అవగాడ్రో సంఖ్యతోనూ భాగిస్తే ఆ మందం వస్తుంది. రెండు తెలియని రాశుల లబ్ధం ఒక్కటే చేతిలో ఉంటే ఆ రాశులు విడివిడిగా తేలవు.

ఈ రెండు పొరలనూ టోలుయీన్ లాంటి మంచి ద్రావణిలో, అంటే గొలుసులు బాగా కరిగే ద్రవంలో, ముంచితే తేడా బయటపడుతుంది. ఒక కొసతో ఉపరితలానికి అతుక్కుని పక్కపక్కన కిక్కిరిసి నిలిచిన గొలుసుల పొరను పాలిమర్ బ్రష్ అంటారు. 1977లో అలెగ్జాండర్, 1980లో డి జెన్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం, మంచి ద్రావణిలో ఈ బ్రష్ ఎత్తు గొలుసు పొడవుకు అనులోమంగానూ, గొలుసుల సాంద్రత ఘనమూలానికి అనులోమంగానూ పెరుగుతుంది. ఆ లెక్కన పలుచగా నిలిచిన పొడవాటి గొలుసుల పొర, దట్టమైన పొట్టి గొలుసుల పొరకన్నా నాలుగున్నర రెట్లకు పైగా ఎత్తుకు ఉబ్బాలి. సాంద్రత మరీ ఎక్కువైన చోట ఈ సూత్రం యథాతథంగా నిలవదు. అప్పటికీ తేడా మూడు రెట్లకు తగ్గదు. పొడిగా ఉన్నప్పుడు తేడా కనిపించని ఈ రెండూ తడిలో వేర్వేరు పొరలు: దట్టమైనది పెద్ద ప్రొటీన్ అణువులను లోపలికి రానివ్వదు, పలుచనిది చాలావరకు రానిస్తుంది.

ఈ రంగంలో నియంత్రణ అన్న మాట చాలా తేలిగ్గా వాడుతున్నారు. కాలంతో పాటు మందం సరళరేఖలో పెరిగిందని ఒక గ్రాఫు చూపించి, గొలుసుల నిర్మాణం మీద పట్టు దొరికిందని తేల్చేయడం మామూలైపోయింది. ఆ గ్రాఫు ఒక్కటే అంత భారం మోయలేదు. గొలుసుల నిర్మాణాన్ని నియంత్రించడమంటే కనీసం నాలుగు విషయాలు తెలిసి ఉండటం: గొలుసులు ఎంత దగ్గరగా ఉన్నాయి, సగటున ఎంత పొడవున్నాయి, ఆ పొడవుల్లో హెచ్చుతగ్గులు ఎంత, కొసల్లో ఎన్ని ఇంకా సజీవంగా ఉన్నాయి. మందం వీటిలో ఏ ఒక్కదాన్నీ నేరుగా కొలవదు.

అతికించడమా, పెంచడమా

గొలుసును ముందే తయారుచేసి ఉపరితలానికి అతికించవచ్చు. ఇందులో పెద్ద సౌకర్యం ఉంది: అతికించబోయే గొలుసు అణుభారం, పొడవుల వ్యాప్తి ముందే కొలుచుకోవచ్చు. చిక్కు సాంద్రత దగ్గర వస్తుంది. అణుభారం 50,000 ఉన్న పీఎంఎంఏ గొలుసు ద్రావణంలో సుమారు 6 నానోమీటర్ల వ్యాసార్థమున్న ఉండలా చుట్టుకుని ఉంటుంది. ఆ ఉండ ఉపరితలం మీద 100 చదరపు నానోమీటర్లకు పైగా చోటు కప్పేస్తుంది. మొదట చేరిన గొలుసులు అలా చోటంతా కప్పేశాక, తర్వాత వచ్చే గొలుసు వాటి మధ్య నుంచి దూరి అడుగును చేరాలి, అందుకోసం చాచుకోవాలి. అది శక్తిరీత్యా నష్టం. అందుకే ఈ పద్ధతిలో సాంద్రత సాధారణంగా చదరపు నానోమీటరుకు 0.1 లోపే ఆగిపోతుంది.

గొలుసును ఉపరితలం నుంచే పెంచితే ఈ అడ్డంకి లేదు. అడుగుకు చేరాల్సింది గొలుసులో ఒక్కో కడియమయ్యే చిన్న మోనోమర్ అణువే. పీఎంఎంఏతో ఇలా 0.7 వరకు సాధించారు. ఈ అంకె అర్థం కావాలంటే ఒక లెక్క చూడాలి. ఉండగా చుట్టుకున్న ఒక గొలుసు ఆక్రమించే చోటులో ఇప్పుడు దాదాపు 80 గొలుసులు నిలబడి ఉన్నాయి. పక్కకు పోయే దారి లేదు కనుక పైకి చాచుకోక తప్పదు. 500 మోనోమర్లున్న ఆ గొలుసును పూర్తిగా సాగదీస్తే పొడవు 125 నానోమీటర్లు. పొడిగా ఉన్నప్పుడే పొర మందం అందులో 40 శాతం. క్యోటో విశ్వవిద్యాలయంలో ఫుకుదా, త్సుజీల బృందం టోలుయీన్‌లో కొలిస్తే, అత్యంత దట్టమైన బ్రష్‌ల ఎత్తు పూర్తి పొడవులో 80 నుంచి 90 శాతం దాకా వచ్చింది. మామూలు పాలిమర్ గొలుసు ఎన్నడూ ఉండని స్థితి ఇది.

అలాగని అతికించే పద్ధతిని తీసిపారేయడానికి వీల్లేదు. 1997లో మాన్‌స్కీ, రస్సెల్, హాకర్ తదితరులు స్టైరీన్, మిథైల్ మెథాక్రిలేట్ కలగలిసిన గొలుసులను కొసతో సిలికాన్‌కు అతికించి, ఆ రెండింటి పాళ్లు మారుస్తూ ఉపరితల స్వభావాన్ని సవరించారు. పైన పరిచే బ్లాక్ కోపాలిమర్‌లోని ఏ భాగం పట్లా పక్షపాతం చూపని ఉపరితలం అలా దొరికింది. ఆ పనికి పలుచని పొర చాలు. కావలసిందల్లా గొలుసు కూర్పు కచ్చితంగా తెలియడం, అది ఈ పద్ధతిలోనే బాగా తెలుస్తుంది.

పెంచే పద్ధతిలో మొదటి పొర ప్రారంభకానిది, అంటే గొలుసు పెరుగుదలను మొదలుపెట్టే అణువులది. బంగారం మీదైతే థయోల్ (గంధకం కొసతో అతుక్కునే అణువు), సిలికా మీదైతే సిలేన్ (సిలికాన్ కొసతో అతుక్కునే అణువు) ఆధారంగా ఏకాణు పొర కడతారు. ఆ అణువు పై కొసన బ్రోమోఐసోబ్యుటిరేట్ లాంటి ప్రారంభక భాగం ఉంటుంది. బంగారం మీద ఆల్కేన్ థయోల్ పొర సర్దుకుంటే చదరపు నానోమీటరుకు సుమారు 4.6 అణువులు పడతాయి. పీఎంఎంఏ గొలుసు అడ్డకోత వైశాల్యం దాదాపు 0.56 చదరపు నానోమీటర్లు, అంటే గొలుసులను సందు లేకుండా పేర్చినా 1.8ని మించవు. ఉన్న ప్రారంభకాలన్నీ పనిచేయడం జ్యామితి ప్రకారమే అసాధ్యమన్నమాట. ఎన్ని పనిచేశాయన్నది ప్రయోగం ముగిశాక కొలవాల్సిందే తప్ప, ప్రారంభక పొరను చూసి ఊహించేది కాదు.

సాంద్రత తగ్గించాలంటే ప్రారంభక భాగం లేని అణువులను కలిపి పొరను పలుచన చేస్తారు. ఇక్కడ జాగ్రత్త అవసరం, ద్రావణంలో కలిపిన నిష్పత్తే ఉపరితలం మీద రావాలని లేదు. ఒక అణువు రెండోదానికన్నా త్వరగా అతుక్కోవచ్చు, ఒకే రకం అణువులు గుంపు కట్టనూ వచ్చు. ఈ సందిగ్ధాన్ని చక్కగా దాటిన ప్రయోగం 2002లో వూ, ఎఫిమెంకో, గెంజర్ చేసింది. ప్రారంభక సిలేన్‌ను ఆవిరి రూపంలో పలక ఒక అంచు నుంచి వ్యాపించనిచ్చారు. దాంతో ఒకే పలక మీద ఒక కొసన దట్టంగా, మరో కొసన అతి పలుచగా ప్రారంభకం పరుచుకుంది. దాని నుంచి పాలీఅక్రిలమైడ్ పెంచితే గొలుసులు విడివిడిగా ఉండే స్థితి నుంచి బ్రష్‌గా మారే దశ అంతా ఒకే నమూనాలో వరుసగా కనిపించింది. పలకంతటా ద్రావణం, సమయం, ఉష్ణోగ్రత ఒకటే కనుక, కనిపించిన తేడాకు కారణం సాంద్రతే అని ధైర్యంగా చెప్పగలిగారు.

ద్రావణంలోని లెక్క ఇక్కడ ఎందుకు తప్పుతుంది

గొలుసుల పొడవు మీద పట్టు కోసం సజీవ పాలిమరీకరణం కావాలి. అంటే గొలుసులన్నీ ఒకేసారి మొదలై, మధ్యలో చావకుండా సమానంగా పెరగాలి. ఋణ అయాన్లతో నడిచే పద్ధతిలో దీన్ని 1956లోనే మైకేల్ ష్వార్క్ చూపించారు. కానీ తేమ సోకినా అది చెడిపోతుంది. ఉపరితలాల పనికి అసలైన ఊపు రాడికల్ పద్ధతులతో, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన కొసలతో నడిచేవాటితో, వచ్చింది, ముఖ్యంగా 1995లో మట్యషెవ్‌స్కీ, సవమోటో వేర్వేరుగా వెలువరించిన అటామ్ ట్రాన్స్‌ఫర్ రాడికల్ పాలిమరీకరణం, పొట్టిగా ఏటీఆర్‌పీతో. 1997లో హువాంగ్, వర్త్ సిలికా మీద పాలీఅక్రిలమైడ్‌ను, 1998లో ఎజాజ్, ఫుకుదా తదితరులు సిలికాన్ మీద పీఎంఎంఏను ఈ పద్ధతితోనే పెంచారు.

దీని కీలకం ఒక ఇచ్చిపుచ్చుకోవడంలో ఉంది. గొలుసు కొసన బ్రోమిన్ ఉన్నంతసేపు గొలుసు నిద్రాణం. ఒకటో ఆక్సీకరణ స్థితిలోని రాగి సంక్లిష్టం వచ్చి ఆ బ్రోమిన్‌ను లాక్కుంటే కొస రాడికల్‌గా మారి కొన్ని మోనోమర్లను కలుపుకుంటుంది. బ్రోమిన్ తీసుకున్న రాగి రెండో స్థితికి వెళ్తుంది. మళ్లీ అదే రాగి బ్రోమిన్‌ను తిరిగిచ్చి గొలుసును నిద్రపుచ్చుతుంది. మామూలు రాడికల్ పాలిమరీకరణంలో ఒక గొలుసు జీవితం దాదాపు ఒక సెకను. ఆ సెకను ఇక్కడ మిల్లీసెకన్ల ముక్కలుగా తెగి గంటలపాటు పరుచుకుంటుంది. ఏ క్షణంలోనూ మేలుకున్న రాడికల్‌లు కొద్దే కనుక అవి ఒకదాన్నొకటి ఢీకొని చచ్చిపోయే అవకాశం తగ్గుతుంది.

ద్రావణంలో ఈ సమతుల్యం దానంతటదే ఏర్పడుతుంది. మొదట్లో కొన్ని రాడికల్‌లు జతకట్టి చచ్చిపోతాయి, ఆ చావుల వల్ల రెండో స్థితి రాగి మిగిలిపోతుంది, అది పేరుకునే కొద్దీ మిగతా గొలుసులు అదుపులోకి వస్తాయి. అదే పద్ధతిని ఒక చదరపు సెంటీమీటరు పలక మీద, 10 మిల్లీలీటర్ల ద్రావణంలో ఊహించండి. చదరపు నానోమీటరుకు 0.5 గొలుసులనుకుంటే పలక మీద మొత్తం గొలుసులు 50 లక్షల కోట్లు. వినడానికి ఎంతో పెద్ద సంఖ్య. ఆ గొలుసులన్నీ చచ్చిపోయినా ద్రావణంలో చేరే రెండో స్థితి రాగి గాఢత సుమారు 8 నానోమోలార్ మాత్రమే. ద్రావణంలో మామూలుగా వేసే రాగి కొన్ని మిల్లీమోలార్లు ఉంటుంది. లక్షల రెట్ల వ్యత్యాసం. పలక మీద ఉన్న గొలుసులన్నీ ప్రాణాలిచ్చినా అదుపు రాదు.

దీనికి రెండు దారులు దొరికాయి. ఒకటి, ద్రావణంలో కూడా కొంత స్వేచ్ఛా ప్రారంభకం వేయడం. అక్కడ పెరిగే గొలుసులు కొన్ని చచ్చి కావలసిన రాగిని సమకూరుస్తాయి. రెండోది 1999లో మట్యషెవ్‌స్కీ బృందం చూపింది: రెండో స్థితి రాగిని మొదటే విడిగా కలిపేయడం. మొదటి దారిలో ద్రావణమంతా పాలిమర్‌తో నిండి చిక్కబడుతుంది, పలకను కడగడం శ్రమ, కానీ కొలవడానికి స్వేచ్ఛా గొలుసులు చేతికొస్తాయి. రెండో దారిలో పలక శుభ్రంగా వస్తుంది, మోనోమర్ దాదాపు ఖర్చు కాదు, కాని కొలవడానికి ఏమీ మిగలదు. ఏ దారి పట్టాలన్నది సౌకర్యానికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. నిజానికి ఆ ఎంపికతోనే, గొలుసుల గురించి తర్వాత ఎంత తెలుసుకోగలమన్నది సగం తేలిపోతుంది.

నీటిలో ఏటీఆర్‌పీ చాలా వేగంగా నడుస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర నిమిషాల్లోనే పదుల నానోమీటర్ల పొరలు వస్తాయి. వేడికి తాళలేని థయోల్ పొరలున్న బంగారానికి అది వరం. అయితే నీటిలో రెండో స్థితి రాగి తన బ్రోమిన్‌ను వదిలేసి పనికిరాకుండా పోతుంది, గొలుసు కొసల్లోని బ్రోమిన్ కూడా జలవిశ్లేషణకు లోనవుతుంది. వేగంగా ఎదిగిన మందపాటి పొరను చూసి మురిసిపోయే ముందు, దాని కొసల్లో ఎన్ని బతికున్నాయో అడగాలి.

పొడవుల హెచ్చుతగ్గులు

గొలుసుల పొడవుల వ్యాప్తిని డిస్పర్సిటీ అంటారు. అన్నీ ఒకే పొడవుంటే విలువ 1. ద్రావణంలో మంచి ఏటీఆర్‌పీ 1.1 నుంచి 1.3 మధ్య ఇస్తుంది. ఉపరితలం మీద కూడా ఇంతే ఉంటుందా అన్నది ఈ రంగంలో ఎప్పటికప్పుడు తిరిగి లేచే ప్రశ్న, తిరిగి లేవాల్సిన ప్రశ్న కూడా.

ఉపరితలం మీద పరిస్థితి వేరు. గొలుసులన్నీ ఒక తలానికి కట్టుబడి ఉన్నాయి, పక్క గొలుసు నుంచి దూరంగా జరిగే వీలు లేదు. ఒత్తుగా పోసిన నారులో కాస్త ముందు మొలిచిన మొక్క పైకి వెళ్లి వెలుతురు అందుకుంటే వెనకబడింది నీడలో పడి ఇంకా వెనకబడినట్టే, ఇక్కడ కూడా పొడవైన గొలుసు కొస మోనోమర్ ఎక్కువున్న పైభాగానికి చేరుతుంది, పొట్టిదాని కొస దట్టమైన లోపలి భాగంలో కూరుకుపోతుంది. కంప్యూటర్ అనుకరణలు ఈ ధోరణినే చూపాయి: గొలుసులు దట్టమైనకొద్దీ, మేలుకునే వేగం ఎక్కువైనకొద్దీ, ఉపరితల గొలుసులు అదే పాత్రలోని స్వేచ్ఛా గొలుసులకన్నా సగటున పొట్టిగా, ఎక్కువ హెచ్చుతగ్గులతో పెరుగుతాయి.

చావు కూడా ఇక్కడ తనదైన దారి పడుతుంది. రాడికల్‌లు గొలుసులకు కట్టుబడి ఉంటాయి కనుక అవి కలుసుకోలేవని అనిపిస్తుంది. కానీ మేలుకోవడం, నిద్రపోవడం నిత్యం జరుగుతూ ఉంటాయి: ఒక గొలుసు బ్రోమిన్ పొంది నిద్రపోతుంది, ఆ బ్రోమిన్ ఇచ్చిన రాగి పక్క గొలుసును మేల్కొలుపుతుంది. గొలుసు కదలకపోయినా రాడికల్ మాత్రం గొలుసు నుంచి గొలుసుకు గెంతుతూ పోతుంది. అలా రెండు రాడికల్‌లు పక్కపక్కకు చేరినప్పుడు జతకట్టి చచ్చిపోతాయి. కాలంతో పాటు మందం గ్రాఫు వంగి చదునవడానికి సాధారణ కారణం ఇదే. సాంద్రత పెంచితే పొర మందంగా పెరుగుతుందన్న ఆశ ఒక హద్దు దాటాక తలకిందులవుతుంది, దగ్గరగా ఉన్న గొలుసులు త్వరగా చస్తాయి.

రంధ్రాల్లో పెంచితే కథ ఇంకా మారుతుంది. గోర్మన్, పెట్రీ, గెంజర్ 2008లో రంధ్రాలున్న సిలికాన్, అల్యూమినా లోపల పీఎంఎంఏ పెంచి, గొలుసులను విడదీసి కొలిచారు. ఇరుకు చోట్లలో గొలుసులు పొట్టిగా, హెచ్చుతగ్గులతో వచ్చాయి. నానోకణాల మీద దీనికి వ్యతిరేకం. ఉపరితలం వంపు తిరిగి ఉంటుంది కనుక బయటికి పోయేకొద్దీ ఒక్కో గొలుసుకు చోటు పెరుగుతుంది, కిక్కిరిసిన బ్రష్ కొంత దూరం తర్వాత సడలిపోతుంది. కణం మీద కొలిచిన అణుభారాన్ని చదును పలకకు అన్వయించే అలవాటుకు ఈ తేడా పెద్ద హెచ్చరిక.

డిస్పర్సిటీ ఎక్కువైతే నష్టమేమిటని అడగవచ్చు. బ్రష్ రూపమే మారిపోతుంది. గొలుసులన్నీ ఒకే పొడవుంటే, మిల్నర్, విటెన్, కేట్స్ 1988లో చూపినట్టు, మంచి ద్రావణిలో సాంద్రత అడుగు నుంచి పైకి పరావలయంలా తగ్గుతూ ఒక స్పష్టమైన అంచు దగ్గర ముగుస్తుంది. పొడవులు కలగలిస్తే ఆ అంచు చెదిరిపోతుంది. పైభాగంలో పొడవాటి గొలుసులే పలుచగా వ్యాపించి ఉంటాయి. బయటి నుంచి వచ్చే ప్రొటీన్, ఎదురుగా రుద్దుకునే తలం మొదట తాకేది ఆ పలుచని పైభాగాన్నే. సగటు అణుభారం ఒకటే అయినా తాకిడి అనుభవం వేరు. అందుకే డిస్పర్సిటీ తగ్గించడమే ఎప్పుడూ గురి కానక్కర్లేదు. కావాలని పెంచి పొర పైభాగాన్ని మెత్తబరచనూ వచ్చు. తెలిసి పెంచడానికీ, తెలియకుండా పెరిగిపోవడానికీ మాత్రం చాలా తేడా ఉంది.

కోసి తూచడం

అయితే నేరుగా గొలుసులను కోసి కొలవొచ్చు కదా? కష్టం పరిమాణంలో ఉంది. 50 నానోమీటర్ల పీఎంఎంఏ పొర చదరపు సెంటీమీటరుకు 6 మైక్రోగ్రాములకన్నా తక్కువ బరువు. అణుభారం కొలిచే జీపీసీ యంత్రానికి మామూలుగా మిల్లీగ్రాములు కావాలి. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న పూర్తి పలక ఒక వైపు పొరంతా గీకినా దొరికేది అర మిల్లీగ్రాము. సిలికా నానోకణాలైతే ఈ బాధ లేదు: 20 నానోమీటర్ల కణాలు గ్రాముకు వంద చదరపు మీటర్లకు మించిన వైశాల్యం ఇస్తాయి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో సిలికాను కరిగిస్తే పాలిమర్ దండిగా మిగులుతుంది. కానీ వక్రత తెచ్చే తేడా పైన చూశాం.

అందుకే చాలామంది ద్రావణంలో పెరిగిన స్వేచ్ఛా గొలుసుల అణుభారాన్నే ఉపరితల గొలుసులకూ ఆపాదిస్తారు. పెద్ద పలకల నుంచి ఫ్లోరైడ్ లవణాలతో గొలుసులను జాగ్రత్తగా విడదీసి కొలిచిన పనులు ఈ ఊహను పరీక్షకు పెట్టాయి. ఫలితాలు ఒక వైపే మొగ్గలేదు. నెమ్మదిగా, రెండో స్థితి రాగి పుష్కలంగా ఉంచి పెంచినప్పుడు రెండు రకాల గొలుసులూ దగ్గరగా వచ్చిన సందర్భాలున్నాయి, దూరమైన సందర్భాలూ ఉన్నాయి. ఈ ఊహ ఎక్కడ నిలుస్తుందో పరిస్థితిని బట్టి తేల్చాలి. ప్రతిసారీ నిజమని తీసుకుంటే సాంద్రత లెక్క కూడా దానితోపాటు తప్పుతుంది, ఎందుకంటే ఆ సాంద్రత వచ్చేదే మందాన్ని ఈ అణుభారంతో భాగించి.

కోయకుండా తెలుసుకునే దారులూ ఉన్నాయి. పొరను ద్రావణిలో ముంచి ఎన్ని రెట్లు ఉబ్బిందో చూస్తే సాంద్రతకు ఒక అంచనా దొరుకుతుంది, దట్టమైన పొర తక్కువ ఉబ్బుతుంది, పలుచనిది ఎక్కువ. అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ సూదితో ఒక్కొక్క గొలుసునూ లాగి పొడవుల వ్యాప్తిని అంచనా వేయవచ్చు. న్యూట్రాన్ పరావర్తనం లోతు వెంబడి సాంద్రత ఎలా మారుతుందో చూపిస్తుంది. వీటిలో ఉబ్బుడు కొలత ఎంతో సులువైనది, అదే ఎలిప్సోమీటర్‌తో, ఒక ద్రవపు గదిని అమర్చి చేసేయవచ్చు. పొడి మందంతో పాటు ప్రతి పత్రంలోనూ ఉబ్బిన మందం కూడా ఇవ్వాలని కోరడం అతి కోరిక కాదు.

కూర్పు, కొసలు, ఆకారం

ఏటీఆర్‌పీ ఒక్కటే దారి కాదు. ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో 1998లో వచ్చిన రాఫ్ట్ పద్ధతికి లోహం అక్కర్లేదు, పైగా ఉపరితలానికి ఏ వైపు నుంచి కడతామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. గొలుసుల మధ్య చేతులు మారుతూ పెరుగుదలను అదుపు చేసే రాఫ్ట్ కారకాన్ని ఒక వైపు నుంచి కడితే రాడికల్ ఉపరితలం మీదే ఉండి గొలుసు అక్కడి నుంచి పెరుగుతుంది. రెండో వైపు నుంచి కడితే గొలుసు ద్రావణంలోకి వెళ్లి పెరిగి, మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. ఈ రెండో తరహాలో చచ్చిన గొలుసులు కడిగితే పోతాయి కనుక ఉపరితలం మీద మిగిలేవి సజీవమైనవే, కానీ పొడవాటి గొలుసు తిరిగి లోపలికి చేరలేక సాంద్రత పడిపోతుంది. అతికించే పద్ధతికున్న చిక్కే ఇక్కడ మరో రూపంలో వచ్చింది. కాంతితో నడిచే పద్ధతుల్లో ఇరిడియం ఉత్ప్రేరకం వాడి, కాంతి తీవ్రతను చోటును బట్టి మార్చి, ఒకే పలక మీద ఎత్తుపల్లాలున్న బ్రష్‌లను హాకర్ బృందం 2013లో చూపించింది.

కొస సజీవంగా ఉంటే దాని మీద రెండో రకం మోనోమర్‌ను పెంచి బ్లాక్ కోపాలిమర్ చేయవచ్చు. 1999లో జావో, బ్రిటెన్ స్టైరీన్ భాగం మీద మిథైల్ మెథాక్రిలేట్ భాగాన్ని పెంచి, ద్రావణి మారినప్పుడు ఉపరితల స్వభావం అటూ ఇటూ మారే పొరలు తయారుచేశారు. ఇక్కడే ఒక తరచు పొరపాటు దొర్లుతుంది. రెండో మోనోమర్ వేశాక మందం పెరిగితే కొసలన్నీ బతికే ఉన్నాయని తీర్మానిస్తారు. మూడో వంతు కొసలే బతికి ఉన్నా మందం పెరుగుతుంది. అప్పుడు వచ్చేది బ్లాక్ గొలుసుల బ్రష్ కాదు, పొట్టి ఏకరకపు గొలుసుల మధ్య అక్కడక్కడా పొడవాటి జంట గొలుసులున్న మిశ్రమం. కాస్త ఆలోచిస్తే మందానికి ఈ రెండింటినీ వేరుచేసే శక్తి లేదని తెలుస్తుంది. పెరుగుదల వేగం మొదటి భాగంతో పోలిస్తే ఎలా ఉందన్నది కాస్త మెరుగైన సాక్ష్యం.

ఆకారం వల్ల వచ్చే తేడా మరీ ఆసక్తికరం. జూరిక్‌లోని ఈటీహెచ్‌లో బెనెట్టి, స్పెన్సర్ తదితరులు 2016లో వలయాకారపు పాలీఆక్సజోలీన్ గొలుసులను ఉపరితలానికి అతికించారు. అదే రసాయన పదార్థం, కానీ స్వేచ్ఛగా ఊగే కొసలు లేవు. పొర మరింత దట్టంగా ఏర్పడి, ప్రొటీన్లను ఇంకా బాగా దూరం పెట్టింది, రాపిడి ఇంకా తగ్గింది. ఒక్క కొస ఉండటం, లేకపోవడం ఇంత మార్పు తెస్తే, కొసల గురించి తెలియకుండా పొరను వర్ణించడం ఎంత అసంపూర్ణమో అర్థమవుతుంది.

ఎక్కడ ఎంత నియంత్రణ కావాలి

అన్ని పనులకూ ఇంత పట్టు అక్కర్లేదన్నది కూడా ఒప్పుకోవాలి. కృత్రిమ తుంటి కీళ్లలో పాలిథిలీన్ గిన్నె మీద ఎంపీసీ అనే ఫాస్ఫోరిల్ కోలిన్ పాలిమర్‌ను పెంచే పద్ధతిని మోరో, ఇషిహారా తదితరులు 2004లో వెలువరించారు. 2011లో ఆ పొర ఉన్న కీలుకు జపాన్‌లో అనుమతి లభించింది. అక్కడ వాడింది సజీవ పాలిమరీకరణం కాదు, బెంజోఫెనోన్ పూసి అతినీలలోహిత కాంతితో నడిపే మామూలు రాడికల్ పద్ధతి. గొలుసుల పొడవుల్లో హెచ్చుతగ్గులు తప్పవు. అయినా 100 నానోమీటర్ల స్థాయి పొర అరుగుదలను బాగా తగ్గించింది. నీటిని పట్టుకునే రసాయన స్వభావం, ఆధారానికి గట్టి పట్టు అక్కడ ప్రధానం, పొడవుల సమానత్వం కాదు.

దీనికి పూర్తి వ్యతిరేకం పాలీఐసోప్రొపైల్ అక్రిలమైడ్ కథ. నీటిలో సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది స్వభావం మార్చుకుంటుంది. జపాన్‌లో టెరువో ఒకానో బృందం ఈ గుణంతో జీవకణాలను పెంచే పళ్లాలు చేసింది: 37 డిగ్రీల దగ్గర కణాలు అతుక్కుంటాయి, చల్లబరిస్తే ఎంజైమ్‌ల సాయం లేకుండా పొరలా ఊడివస్తాయి. పాలీస్టైరీన్ పళ్లెం మీద సుమారు 15 నానోమీటర్ల పొరతో ఇది పనిచేసింది, 30 నానోమీటర్ల పొర మీద కణాలు అసలు అతుక్కోలేదు. గాజు మీద ఆ హద్దు ఇంకా పలుచని పొర దగ్గరే వచ్చింది. పాలిమర్ ఒకటే, ఉష్ణోగ్రత ఒకటే. అడుగున గొలుసులు ఎంత బిగుతుగా, ఎంత లోతుగా సర్దుకున్నాయన్నదే కణం అతుక్కోవాలో వద్దో తేల్చింది. ఒక ఆధారం మీద కుదిరిన మందాన్ని మరో ఆధారం మీదకు యథాతథంగా తీసుకుపోతే పని జరగదు.

దట్టమైన బ్రష్‌లు తెచ్చే మేలు తక్కువేమీ కాదు. వాటి మధ్య రాపిడి గుణకం 0.001 కంటే కిందికి పోతుంది, పెద్ద ప్రొటీన్లు లోపలికి దూరలేవు. కానీ ఆ దట్టమైన అమరికకే ఒక మూల్యం ఉంది. మంచి ద్రావణిలో ఉబ్బిన ప్రతి గొలుసూ తన అడుగు బంధాన్ని పైకి లాగుతూ ఉంటుంది. గొలుసులు దగ్గరైనకొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. సిలేన్ బంధాన్ని, ఎస్టర్ బంధాన్ని నీరు మామూలుగానే నెమ్మదిగా తెంచుతుంది, లాగుడు తోడైతే ఆ పని త్వరపడుతుంది. గాజు మీద పెంచిన పాలీఇథిలీన్ గ్లైకాల్ రకపు బ్రష్‌లు కణాలను పెంచే ద్రవంలో కొద్ది రోజుల్లోనే ఊడిపోవడం, అదీ దట్టమైనవే ముందు ఊడిపోవడం, టుగులు, క్లోక్ 2008లో చూపించారు. పలుచగా పెంచిన పొరలు ఎక్కువ కాలం నిలిచాయి.

పొర ఊడటం అంటే ఒక్కసారిగా రాలిపోవడం కాదు. గొలుసులు ఒక్కొక్కటిగా తెగి వెళ్తాయి, మిగిలినవాటికి చోటు పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది, ఒక సాంద్రత దగ్గర తెగడం నెమ్మదిస్తుంది. అందుకే ఊడటాన్ని అధ్యయనం చేసేటప్పుడు పొడి మందం, ఉబ్బిన మందం రెండూ కొలవాలి. అడుగు బంధాలు తెగి గొలుసులు పోతుంటే పొడి మందం తగ్గుతూ ఉబ్బే నిష్పత్తి పెరుగుతుంది. గొలుసులు మధ్యలో తెగి పొట్టివవుతుంటే పొడి మందం తగ్గినా నిష్పత్తి పెద్దగా మారదు. మొదటి సందర్భంలో పలు చోట్ల పట్టుకునే ప్రారంభక అణువుతో, నీటికి లొంగని బంధంతో అడుగును బలపరచాలి, లేదా సాంద్రతనే కాస్త తగ్గించి పెంచాలి. రెండో సందర్భంలో అడుగును ఎంత బలపరిచినా ఉపయోగం లేదు, గొలుసు వెన్నెముకనే మార్చాలి.